దారిలో ఎక్కడో జారిపడిపోయింది

ఈ ఉదయం హిందీ పేపర్లో మా ప్రాంతం గురించి వార్త వచ్చింది. మా ఠాణా పరిధిలో దొంగతనాలూ, దోపిడీలూ, ఆడవాళ్ళ మెడల్లో గొలుసులు లాక్కుపోవడాలూ ఏటికేడు తగ్గుతున్నాయట. పక్కనే ఒక గీతల బొమ్మ వేశారు. ఎడమ చివర ఎత్తుగా మొదలైన ఎర్రగీత కుడి చివరికి వచ్చేసరికి అడుక్కి దిగిపోయింది. ప్రజల సహకారం వల్లే ఇది సాధ్యమైందని కింద రాశారు. ఆ మాట చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. అలా సహకరించిన ప్రజల్లో మొదటిదాన్ని నేనే.

ఆ గీత దిగడానికి నేను చేసిన పని చెప్పుకోవాలి. ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషి పోయింది. ఎవరి పేర్లూ రాయను, ఠాణా పేరు కూడా రాయను. ఏ ఠాణా అయినా ఇలాగే జరిగి ఉండేదని నా నమ్మకం.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్‌లో కంపెనీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. ముప్పై ఏళ్ళకు పైగా ఒక ప్రైమరీ బడిలో హిందీ చెప్పి రిటైరయ్యాను. పిల్లలు లేరు. మా ఆయన పోయి పదకొండేళ్ళు. గోల్‌మురి బజారుకి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, రిటైరై కంపెనీ క్వార్టర్లు వదిలిన మా తెలుగువాళ్ళు కట్టుకున్న ఇళ్ళ వరస ఒకటుంది. మేం దాన్ని లైను అంటాం. అందులో రెండు గదుల ఇల్లు నాది.

లైనులో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా నా దగ్గరికే వస్తారు. రేషన్ కార్డులో పేరు ఎక్కించాలన్నా, కరెంటు మీటరు మార్చాలన్నా, పిల్లలకి బడిలో సెలవు కావాలన్నా సరే. మా మగవాళ్ళు హిందీలో ఎవరితోనైనా దెబ్బలాడగలరు గాని రాయమంటే చేతులు వెనక్కి పెట్టుకుంటారు. ఈ కాలం వాళ్ళకి ఫోను నొక్కడం తప్ప కలం పట్టుకోవడం రాదు. నా అక్షరాలు గుండ్రంగా, అచ్చేసినట్టు ఉంటాయని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

పక్కింటావిడ నాకు వదిన. ఆమె కూడా నన్ను వదినా అనే పిలిచేది. మా రెండిళ్ళకీ ఒకటే గోడ. ఆమె వంటింట్లో పోపు వేస్తే నేను తుమ్మేదాన్ని. ఆమె భర్త కంపెనీలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు, ఆయన్ని అన్నయ్య అంటాను. కొడుకు ఒక కాంట్రాక్టరు కింద అదే కంపెనీలో పనిచేస్తాడు, కూతురు ఈ ఊళ్ళోనే కద్మాలో కాపురం. ఆమెకి రోజంతా ఇల్లే. పొద్దున్న ఆరింటికి నాతో కలిసి రామాలయం దాకా నడిచి వెళ్ళడం, అక్కడ అరుగు మీద కాసేపు కూచోవడం, తిరిగి రావడం, ఇదొక్కటే ఆమెకి తనకంటూ ఉన్న పని.

"ఈ ముప్పావుగంట నేకపోతే నాను మనిసిని గాను వదినా," అనేది.

గుడికి వెళ్ళే దారిలో ఒక మలుపుంది. ఒక పక్క ఎప్పుడో మూతపడ్డ గోదాము గోడ, ఇంకో పక్క సిమెంటు గట్టున్న మురిక్కాలువ. ఆ నడుమ మనిషి కనబడడు. గొలుసులు పోయేది అక్కడే. మోటారుసైకిలు మీద ఇద్దరు వస్తారు, వెనక కూచున్నవాడి చెయ్యి ఒక్కసారి మెడ మీదికి వస్తుంది, అంతే. అందుకని మేమిద్దరం ఒక పద్ధతిలో నడిచేవాళ్ళం. ఆమె కాలువ వైపు, నేను రోడ్డు వైపు. నా మెడలో లాక్కోవడానికి ఏమీ లేదు గనక నేను కంచెలాగ పనికొస్తానని నవ్వేదాన్ని. ఆమె నవ్వేది కాదు. "అలగనకు వదినా," అని నా మోచెయ్యి పట్టుకునేది.

ఆ మలుపులో పొద్దున్నపూట ఒక్క పోలీసు నిలబడితే ఆమె నడక ఆమెకి మిగులుతుంది. మేం కోరుకున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.

ఆ మలుపులో మొట్టమొదట గొలుసు పోయింది వెనక వరసలో ఉండే ఒకావిడది. కొన్నేళ్ళ కిందటి మాట. మెడ మీద ఎర్రటి గీత తప్ప దెబ్బ ఏమీ లేదు. బంగారం మెత్తన కదా, లాగగానే తెగిపోయింది. నా దగ్గరికి వచ్చేసరికే మెడలో పసుపుతాడూ, దానికి పసుపుకొమ్మూ కట్టుకుని ఉంది. నేను నిండా ఒక పేజీ రాశాను. ఇద్దరు మనుషులు, నల్ల మోటారుసైకిలు, వెనకవాడి చొక్కా రంగు, వాళ్ళు ఏ వైపు పారిపోయారు, అన్నీ. ఆమెనీ ఆమె మొగుణ్ణీ వెంటబెట్టుకుని ఠాణాకి వెళ్ళాను.

ఠాణాలో రాతపని చూసే మున్షీ పెద్దవాడు, నెమ్మదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు. కాగితమంతా చదివి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి మాతాజీ అన్నాడు. తర్వాత విడమరిచి చెప్పాడు. ఇలా రాస్తే కేసవుతుంది. కేసంటే ఈవిడ వాంగ్మూలం ఇవ్వాలి, పట్టుకొచ్చిన ప్రతివాణ్ణీ వచ్చి గుర్తుపట్టాలి, కోర్టుకి తిరగాలి. వాళ్ళు బెయిలు మీద బయటికొచ్చి ఈ వీధిలోనే తిరుగుతారు. అదే, దారిలో పోయిందని రాస్తే సనహా అవుతుంది. సనహా అంటే ఠాణా పుస్తకంలో ఎక్కించుకుని, ముద్ర కొట్టి ఒక కాపీ ఇవ్వడం. ఇప్పుడే ఇచ్చేస్తాను, వస్తువు దొరికితే కబురుచేస్తాం అన్నాడు.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడకి అదే కావాలి. మా వాళ్ళలో పుస్తెలతాడు పాతబడి తెగినా తెగిందని నోటితో అనరు, పెరిగిందంటారు. అలాంటిది పరాయి మగాడు మెడలోంచి పుస్తెలు తెంపుకుపోయాడని నలుగురు మగవాళ్ళ ముందు, పక్కన మొగుణ్ణి నిలబెట్టుకుని చెప్పడం ఆవిడ వల్ల కాదు. చెబితే ఆ మొగుడికే కీడని భయం.

"పోయిందనే రాసీయమ్మా," అంది చిన్న గొంతుతో.

రాశాను. 'బజారుకి వెళ్తుండగా నా గొలుసు దారిలో ఎక్కడో జారిపడిపోయింది. ఎవరి మీదా అనుమానం లేదు.' హిందీలో ఆ వాక్యం నాదే. మున్షీ చెప్పింది సంగతి మాత్రమే, దాన్ని తప్పు పట్టడానికి వీల్లేకుండా కూర్చింది నేను. ఇంటికొస్తూ, ఎంత సులువుగా తేల్చేశానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాత అదే వాడుకైపోయింది. గొలుసు పోయినవాళ్ళు సరాసరి నా ఇంటికొచ్చి, అదే రాసియ్యమనేవారు. పుస్తెలు పోయిన కాగితం ముత్తైదువ చేత రాయించకూడదని ఎవరు పుట్టించారో గాని, దానితో ఆ పని పూర్తిగా నాకే దఖలైంది. నాకు పోయేదేముంది గనక. ఒకాయన సైకిలు గేటు తాళం విరగ్గొట్టి పట్టుకుపోయారు, అదీ దారిలో పోగొట్టుకున్నట్టే రాశాను. ఒకావిడ వంటింటి కిటికీ ఊచలు వంచి నిండు గ్యాస్ సిలిండర్ ఎత్తుకుపోతే, ఏజెన్సీవాళ్ళకి చూపించడానికి సనహా కావాల్సి వచ్చింది. నిండు సిలిండర్ దారిలో ఎక్కడో జారిపడిపోయిందని రాసినప్పుడు మాత్రం నాకు కలం ఆగింది. మున్షీ కళ్ళజోడు సర్దుకుని చదివి ముద్ర కొట్టేశాడు.

ఈలోగా లైను రూపం మారిపోయింది. సాయంత్రం అరుగుల మీద కూచునే ఆడవాళ్ళు లోపలికి పోయారు. అరుగులకి ఇనపగ్రిల్స్ వచ్చాయి. స్కూటర్లు మంచాల పక్కకి చేరాయి. ఎవరైనా గేటు కొడితే మునుపు "ఎవరూ" అనేవాళ్ళం, ఇప్పుడు ముందు కిటికీ రెక్క సందులోంచి చూస్తాం. గోదాము వెనక ఏవో పొడులు పీల్చేవాళ్ళు చేరుతున్నారనీ, వాళ్ళలో మన లైను పిల్లలు కూడా ఉన్నారనీ చెవులు కొరుక్కునేవారు. ఎవరి పిల్లలని మాత్రం ఎవరూ పైకి అనలేదు. భయమంతా మా మెడల మీదా మా తలుపుల మీదా ఉండేది, కాగితం మీద మాత్రం మేం చేతిలో వస్తువు నిలబెట్టుకోలేని మతిమరుపు మనుషులం.

వదినకి ఒక సలహా చెప్పాను. గొలుసు తీసి కద్మాలో కూతురింట్లో దాచుకోమని, బదులు గిల్టు గొలుసు వేసుకోమని. ఆమె చాలా రోజులు ఆలోచించింది. గొలుసైతే ఇచ్చేసింది గాని పుస్తెలు రెండూ మాత్రం ఇవ్వలేదు. అవి మెడ దిగకూడదంది. నేనే గోల్‌మురి బజారుకి తీసుకెళ్ళి మంచి గట్టి గిల్టు గొలుసు కొనిపించాను. కొక్కెం లాగి చూసి మరీ ఏరాను. దానికి పుస్తెలు గుచ్చుకుని, పైట చుట్టూ కప్పుకుని నడిచేది. ఇప్పుడు ఎవడు లాక్కున్నా ఇత్తడే గదా అని ఇద్దరం ధైర్యం చెప్పుకున్నాం.

ఆ మధ్య ఠాణాకి కొత్త అధికారి వచ్చాడు. పొద్దున్నపూట నిలబడడానికి ఈ ప్రాంతానికి ఇద్దరు పోలీసుల్ని ఇస్తున్నారనీ, ఎక్కడ పెట్టాలో ఇంకా తేల్చలేదనీ తెలిసింది. వదినే అందర్నీ కూడగట్టింది. ఎప్పుడూ గుమ్మం దాటని మనిషి ఇంటింటికీ తిరిగి, "నడవండే, ఒక మాటు ఎల్లి అడుగుదుం, అడిగితే తప్పేటి," అని పదిమందిని పోగుచేసింది. అందరి తరఫునా మహజరు నేను రాశాను. ఈసారి నిజమే రాశాను. మలుపు దగ్గర ఎన్నేళ్ళుగా గొలుసులు లాక్కుపోతున్నారో, ఆడవాళ్ళు గుడికి వెళ్ళడానికి ఎలా భయపడుతున్నారో అంతా.

అధికారి వయసులో చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. ఆడవాళ్ళందర్నీ కూచోబెట్టాడు. మహజరు శ్రద్ధగా చదివాడు. మున్షీని పిలిచి మా వీధికి సంబంధించిన కాగితాలు తెమ్మన్నాడు. వచ్చినవి కేసులు కావు, సనహాల కట్ట. ఒక్కొక్కటే తిప్పుతూ, మధ్యలో ఆగి మా మహజరు దాని పక్కన పెట్టుకుని చూశాడు.

"ఈ అక్షరాలు ఎవరివి?" అన్నాడు.

"నావే," అన్నాను.

"చాలా బాగున్నాయి మాతాజీ. కాని వీటిలో ఎక్కడా లాక్కుపోయారని లేదు. అన్నీ పోగొట్టుకున్నవే."

అలా రాయమని మీ మున్షీయే చెప్పాడన్నాను. మున్షీ తల ఎత్తాడు. కోపం లేదు ఆయన మొహంలో. నేను చెయ్యి పట్టుకుని రాయించానా మాతాజీ అని మాత్రం అన్నాడు.

"అంటే వీళ్ళందరూ సంతకాలు పెట్టి అబద్ధం చెప్పారంటారా?" అని అడిగాడు అధికారి. బెదిరించడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగాడు. నా వెనక కూచున్న పదిమంది ఊపిరి నాకు వినబడింది. అవునంటే వాళ్ళందర్నీ ఇరికించినట్టు. కాదంటే మహజరు అబద్ధమైనట్టు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత నిజం చెప్పించినదాన్ని, నీళ్ళు నమిలాను.

ఆయన తన లెక్క చెప్పాడు. ఉన్నది ఇద్దరు మనుషులు. రైలు పట్టాల అవతలి బస్తీలో జరిగిన ప్రతిదానికీ కేసుంది. అక్కడ మనిషిని ఎందుకు పెట్టావని పైవాళ్ళు అడిగితే చూపించడానికి కాగితముంది. ఇక్కడ ఎందుకు పెట్టావంటే ఏం చూపించను అన్నాడు. మీ వీధి మంచి వీధి, కాస్త వస్తువులు జాగ్రత్త చేసుకోండి అని చేతులు జోడించాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. నాకు తెలిసిన లెక్క ప్రకారం కూడా ఆయన చేసింది తప్పు కాదు.

తిరుగుదారి పట్టాం. లైనులోకి కోడలిగా వచ్చిన ఒకమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది, మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది, అందరూ వినేలా అనేసింది. "ఆంటీ, లిఖా తో ఆప్ హీ నే థా." రాసింది మీరే కదా అని.

వదిన ఆ అమ్మాయి మీదికి వెళ్ళింది. "నోరుముయ్యే. మనం రాయమంటేనే గదా రాసింది. పోలీసోడి కాడ నీ అత్త నోరెత్తిందేటి?"

నా కోసం ఆమె అలా పోట్లాడడం నాకు ఇంకా తలవంపులుగా తోచింది. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. నా బాధ లైను కోసం కాదు, ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. నా దస్తూరీ కట్టకట్టి నా ముందే పెట్టారే అని. ఎవరికీ మొహం చూపించలేకపోయాను. మర్నాడు పొద్దున్న వదిన గేటు దగ్గర పిలిస్తే తలనొప్పిగా ఉందన్నాను. ఆ రోజు ఆమె కూడా మానేసింది. ఆ తర్వాత రెండు రోజులూ అదే తలనొప్పి. నాలుగో రోజు పొద్దున్న మళ్ళీ వచ్చింది.

"వత్తన్నావా వదినా?"

"నువ్వూ మానీ వదినా. ఇయ్యాల కూడా తల ఎత్తలేకపోతన్నాను."

"నాల్రోజులైంది. కాళ్ళు పట్టేసినాయి. నువ్వు పడుకో, నాను బేగి ఎల్లొచ్చేత్తాను."

నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్కతే వెళ్ళింది. పైట మెడ చుట్టూ కప్పుకుంది. కాలువ వైపే నడుస్తోంది, రోడ్డు వైపు నా చోటు ఖాళీగా వదిలి. చెప్పులేసుకుని వెనకాల పరిగెత్తడానికి ఎంతసేపు పడుతుంది? నేను పొయ్యి మీద చాయ్ పెట్టుకున్నాను. తలనొప్పి లేదు, ఏమీ లేదు.

కబురు పాలాయన తెచ్చాడు. ఆయన మలుపుకి అవతల నుంచి సైకిలు మీద వస్తూ చూశాడట. వెనకవాడు గొలుసు పట్టుకుని లాగాడు. తెగలేదు. బంగారం తెగుతుంది, నేను ఏరి కొనిపించిన ఇత్తడి తెగలేదు. పైగా వదిన రెండు చేతులతో పుస్తెలు పట్టుకుంది. వాడు వదల్లేదు, ఈమె వదల్లేదు, బండి ఆగలేదు. పది అడుగులు ఈడ్చుకుపోయాక ఎక్కడో కొక్కెం ఊడింది. ఆమె కాలువ సిమెంటు గట్టు మీద పడింది. మేం వెళ్ళేసరికి తుంటి ఎముక విరిగి, చెవి పక్కనుంచి రక్తం కారుతూ, పిడికిలి బిగించి పడి ఉంది. పిడికిట్లో పుస్తెలు రెండూ ఉన్నాయి.

ఆస్పత్రిలో చేర్చాక నేను కాగితం తీశాను. ప్రతి మాటా రాశాను. నిజం, మొత్తం. అన్నయ్య వరండాలో నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"కేసొద్దు సెల్లమ్మా," అన్నాడు. "ఆళ్ళకి మన ఇల్లు తెలుసు. రేపు కొడుక్కి కంపెనీ గేటుపాసు మార్చాలంటే మళ్ళీ ఆ ఠాణా సంతకమే గావాల. ఆ సుట్టూ తిరగడం నావల్ల గాదు."

ఆయన మాట చెవిన వేసుకోలేదు. ఒక్కదాన్నే ఠాణాకి వెళ్ళి కాగితం ఇచ్చి వచ్చాను. ఈసారి అధికారి లేచి నిలబడి తీసుకున్నాడు. గాయపడ్డ మనిషి వాంగ్మూలం కావాలి, రేపు మనిషిని పంపిస్తానన్నాడు. ఆ దారంతా నాకు కాస్త గాలి ఆడినట్టయింది. ఇన్నాళ్ళకి ఒక్క కేసు. ఈ ఒక్కటి పుస్తకంలో ఎక్కితే మలుపులో మనిషి నిలబడతాడు, వదిన కాలు బాగయ్యేసరికి దారి కూడా బాగుంటుంది అనుకున్నాను.

మర్నాడు కానిస్టేబులు వచ్చాడు. వదిన తలకి కట్టు, కాలికి బరువు వేలాడదీసి ఉంది. మెడలో పసుపుతాడు, దానికి ఆ పుస్తెలు రెండూ. అన్నయ్య కిటికీ దగ్గర బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఏమైందమ్మా అని కానిస్టేబులు హిందీలో అడిగాడు.

"గిర్ గయీ బాబూ," అంది ఆమె. పడిపోయాను బాబూ అని.

నేను ఆమె మంచం మీదికి వంగాను. "నిజం సెప్పు వదినా. బయమేటి, నానున్నాను గదా."

"నిజమే సెప్తన్నాను." ఆమెకి ఆయాసం వస్తోంది. "నా పుస్తెలు నా కాడే ఉన్నాయి. ఏటీ పోనేదు. పోనిదాన్ని పోయిందని సెప్పి ఆయనకి కీడు తెమ్మంటావేటి?"

"పుస్తెలు పోయాయని కాదే, నిన్ను ఈడ్చేసినారు గదా."

"పడ్డాను వదినా. అంతే రాయించు. ఒగ్గీ."

కళ్ళు మూసుకుంది. అన్నయ్య కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరగలేదు. ఆమె భయపడి అలా అందో, ఆయన కోసం అందో, నిజంగానే ఆ మాట నోట పలికితే కీడని నమ్మిందో నాకు ఇప్పటికీ తెలీదు. పాలాయన కోసం అడిగాను. ఆయన తాను దూరంగా ఉన్నాననీ, సరిగా చూడలేదనీ అప్పటికే చెప్పేశాడట. ఆయన పాలు పోసేది ఈ వీధుల్లోనే కదా.

కానిస్టేబులు నా కాగితం నా చేతిలో పెట్టాడు. ఇది వెనక్కి తీసుకోండి మాతాజీ, లేకపోతే తప్పుడు ఫిర్యాదని రాసుకోవాల్సి వస్తుందన్నాడు. తర్వాత సంచిలోంచి తెల్లకాగితం తీసి, ఆవిడ చెప్పింది మీరే రాసియ్యండి, మీ అక్షరాలు బాగుంటాయని మున్షీ సాబ్ చెప్పారన్నాడు.

ఆస్పత్రి స్టూలు మీద కూచుని రాశాను. 'గుడికి వెళ్తుండగా కాలు జారి పడిపోయాను. ఎవరి మీదా అనుమానం లేదు.' వదిన కళ్ళు తెరిచి, కలం తీసుకుని, తనకి తెలిసిన తెలుగు అక్షరాల్లో కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

ఆ తర్వాత ఆమె లేవలేదు. రెండు నెలలు మంచం మీదే. నేను రోజూ పొద్దున్న ఆరింటికి వెళ్ళి, మా నడక సమయమంతా ఆమె పక్కన కూచునేదాన్ని. వెళ్ళగానే ఆమె అడిగేది ఒకటే.

"మలుపు కాడ పోలీసు నిలబడతన్నాడా వదినా?"

"రేపో మాపో పెడతారంట," అనేదాన్ని.

"పెడితే మంచిది. కాలు కూడుకోగానే ఎల్దుం."

రోజూ అదే అబద్ధం చెప్పాను. అదొక్కటీ ఎక్కడా రాయలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఒక మధ్యాహ్నం పోయింది. ఆమెకి పసుపు రాసి, పెద్ద కుంకంబొట్టు పెట్టి, కొత్తచీర కట్టారు. లైనులో ఆడవాళ్ళు వరసగా వచ్చి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టి, అదృష్టవంతురాలు, ముత్తైదువగా పోయింది అన్నారు. నేను దూరంగా గోడ దగ్గర నిలబడ్డాను. అలాంటి చోట నేను దగ్గరికి రాకూడదు. గొంతు చించుకుని అరవాలనిపించింది. ఆ పుస్తెల కోసమే ఆమెను కాలువ గట్టుకేసి కొట్టారని అరవాలనిపించింది. అరవలేదు. పైగా నా చేత్తో రాసిన కాగితం ఠాణాలో ఉంది, ఆమె కాలు జారి పడిందని.

ఇప్పుడు మళ్ళీ నడకకి వెళ్తున్నాను, ఒక్కదాన్నే. అలవాటు చొప్పున రోడ్డు వైపే నడుస్తాను. మలుపులో ఇప్పటికీ ఎవరూ లేరు.

ఈ ఉదయం పేపరు ముందేసుకుని ఆ ఎర్రగీత చూస్తూ ఉండగా గేటు చప్పుడైంది. వెనక వరసలో కొత్తగా కాపురానికి వచ్చిన ఒకావిడ. మెడలో పసుపుతాడు, పసుపుకొమ్ము. చేతిలో తెల్లకాగితం తనే తెచ్చుకుంది.

"టీచరమ్మా, ఒక కాగితం రాసియ్యాల."

"ఎక్కడ?"

"మలుపు కాడ."

"లాక్కుపోయారని రాస్తాను," అన్నాను. "కేసు పెడదాం. నీతో నేనొస్తాను."

ఆమె తల అడ్డంగా ఆడించింది. "ఒద్దమ్మా. మీ పక్కింటావిడకి నువ్వు ముందు నిజమే రాసినావు గదా. ఆవిడకి ఏటి ఒరిగింది? ముద్దరేసిన కాగితమొకటి ఉంటే సాలు, ఇంటాయనకి సూపించాల."

కాగితం కింద ఎత్తుకి పేపరు మడతపెట్టి పెట్టుకున్నాను. ఏ రోజు, ఎన్ని గంటలకి అని అడిగాను. ఇయ్యాలే, ఆరున్నరకి అంది. బజారుకి వెళ్తుండగా నా గొలుసు దారిలో ఎక్కడో జారిపడిపోయింది, ఎవరి మీదా అనుమానం లేదు అని రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.